తొట్టిలో చేప

బ్ర్నో, అక్టోబరు 1909

హెర్మా తల్లికి,

ముందు ఒక దిద్దుబాటు. "ఆ కలల డాక్టరు పిచ్చివాడని నువ్వే అన్నావుగా అమ్మమ్మా" అని రాశావు. నేను అలా అనలేదు. ఆయన పుస్తకం పనిలేనివాళ్ళ చేతుల్లో పడిందన్నాను. ఆ రెండు మాటలకీ చాలా దూరం. జీవితమంతా ఆడపిల్లల బడిలో వ్యాసాలు దిద్దినదాన్ని. నా మాట నాకే తప్పుగా అప్పజెబితే ఎర్రసిరా సీసా మూత దానంతటదే ఊడివస్తుంది.

ఇక్కడికీ చేరిందిలే మీ వియన్నా జబ్బు. మొన్న ఆదివారం ఫాదర్‌గారు మనిషిలో ఉన్నది ఆత్మ ఒక్కటేననీ, దానికింద చీకటి గదులేవీ లేవనీ బల్ల గుద్ది చెప్పారు. అంత గట్టిగా గుద్దడం చూశాకే నాకు అనుమానం వచ్చింది. మందుల షాపాయన భార్య తన కలలు మొగుడికి కూడా చెప్పడం మానేసిందట. "ఏం చెబితే ఏం బయటపడుతుందో నండీ" అంది నాతో. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ మౌనంగా ఉండటం ఇదే మొదటిసారి కనక, ఆ మొగుడు ఆ డాక్టరుకి రుణపడి ఉన్నాడు.

మన పావ్లాకి ఈ గొడవే లేదు. వంటింట్లో దాని కలల పుస్తకం దానికుంది. నీళ్ళు కలలోకి వస్తే ఒక నంబరు, గుర్రం వస్తే ఇంకో నంబరు, చచ్చిపోయిన పినతండ్రి వస్తే మూడూ కలిపి లాటరీ. "వియన్నా డాక్టరు ఏ నంబరు చెబుతాడమ్మగారూ?" అని అడిగింది. నంబరేమీ చెప్పడే అన్నాను. "మరి ఆ కలలతో ఏం చేసుకుంటారు పాపం?" అంది.

సరే, అసలు సంగతి. మీ అత్తగారి ఇంట్లో ఆదివారం కాఫీ దగ్గర ఒక్కొక్కరూ ఒక కల చెప్పడం, మీ ఆయన విప్పి చెప్పడం, ఆడవాళ్ళందరూ విసనకర్రల వెనక నవ్వడం చాలా సరదాగా ఉందని రాశావు. ఎగాన్ చెవుల డాక్టరు. చెవుల్లోకి చూసే గొట్టంతోనే మనసులోకి కూడా చూడవచ్చని ఆయనకెవరు చెప్పారో తెలియదు. నీ వంతు వచ్చినప్పుడు కేకు కల చెప్పు. కేకులో చెర్రీ పళ్ళున్నాయని కూడా చెప్పకు. నేను నవ్వుతూ రాస్తున్నాననుకోకు, నవ్వడం లేదు.

ఫెర్డికి నా ముద్దులు. పన్ను వచ్చిందా?

అమ్మమ్మ


వియన్నా, నవంబరు మొదట్లో

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఒక్క ఆదివారం ఆలస్యంగా వచ్చింది.

నేను కేకు కల చెప్పలేదు. అసలు నాకు కలలు రావని తప్పించుకోబోయాను. ఎగాన్ నవ్వి, "రావనడమే మొదటి ఆధారం హెర్మా, దాచేదేదో ఉంటేనే రావంటారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తగారు, "కానీ అమ్మాయ్, అందరం చెప్పుకున్నాం కదా, నీకెందుకంత గొప్ప!" అన్నారు. నేను గొప్పకి పోతున్నానని అనుకుంటారేమోనని నిజం కలే చెప్పేశాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

కల ఇది. నేను ఫెర్డికి స్నానం చేయిస్తున్నాను. చేతుల్లోంచి జారి వాడు నీళ్ళ అడుక్కి వెళ్ళిపోయాడు. అడుగున పడుకుని నా వంక చూస్తున్నాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, చప్పుడు లేదు. నేను పక్కన నిలబడి ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాను. అంతే. లేచాక ఏడ్చాను, ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాను. వాడు హాయిగా బొటనవేలు చప్పరిస్తున్నాడు. ఏడ్చిన సంగతి కూడా చెప్పాను, కానీ అప్పటికి ఎవరూ వినడం లేదు.

కౌన్సిలరుగారి భార్య కప్పు కింద పెట్టేసింది. "అయ్యో, కన్నతల్లి..." అంది. అత్తగారు నెమ్మదిగా, "ఎగాన్, కల అంటే తీరని కోరికేనని నువ్వే కదా చెప్పావు నాన్నా?" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటే ఏదో నిర్ధారించుకున్నారన్నమాట.

మర్నాటినుంచి ఫెర్డికి స్నానం నర్సు చేయిస్తోంది. నా వీపు నొప్పి తగ్గడానికట. నాకు వీపు నొప్పి లేదు. నర్సు మంచిదే, అత్తగారింటినుంచి వచ్చింది. స్నానాల గది తలుపు లోపలినుంచి గడియ వేసుకుంటుంది.

ఇదంతా కొన్నాళ్ళు పోతే మర్చిపోతారు కదూ? క్రితం ఏడాది ఈయన బల్లలు కదిలించే ఆత్మల పిచ్చిలో పడ్డారని రాస్తే నువ్వు అదే అన్నావు.

పన్ను వచ్చింది. కింద ఎడమవైపు. నేను చూడలేదు, నర్సు చెప్పింది.

నీ హెర్మా


బ్ర్నో, నవంబరు

తల్లీ,

బల్లలు కదిలించే పిచ్చి వేరు. బల్లకి బిడ్డలుండరు.

నీ ఉత్తరం చదివి పావ్లాకి చెప్పకుండా ఉండలేకపోయాను. అది గరిటె పట్టుకునే నిలబడిపోయింది. కాసేపటికి, "నీళ్ళు, బిడ్డ, ఏడుపు... మంచి నంబర్లమ్మగారూ" అని వెళ్ళి లాటరీ కట్టింది. పోయింది. "ఆ కల అబద్ధమన్నమాట, అమ్మాయిగారిని బెంగపడొద్దని రాయండి" అంటోంది. రాశాను. దాని శాస్త్రానికి ఈ సుఖముంది. నంబరు రాకపోతే కల అబద్ధమని ఒప్పుకుంటుంది. మీ ఆయన శాస్త్రంలో కల ఎప్పుడు అబద్ధమవుతుందో అడిగి చెప్పు.

నేనూ ఆ పుస్తకం కొన్నాను. కొట్టువాడు చూపించడానికే జంకాడు. "అమ్మగారూ, ఇది వంటల పుస్తకం కాదండీ" అన్నాడు. నాకు వంట వచ్చులే అన్నాను. గోధుమరంగు కాగితంలో రెండు చుట్లు చుట్టి, వీధిలో ఎవరూ లేకుండా చూసి ఇచ్చాడు. చర్చి గుమ్మం ముందునుంచి దాన్ని చంకలో పెట్టుకుని నడిచి వచ్చాను. ఈ వయసులో అంత దొంగచాటు పని చెయ్యడం బాగానే ఉంది.

ఇంకా సగంలో ఉన్నాను. ఒక్క మాట మాత్రం దొరికింది. కలగన్న మనిషిని ముందు అడగాలట. ఆ కలలో ఒక్కొక్క వస్తువూ తలచుకుంటే నీకేం గుర్తొస్తున్నదీ అని. అడగకుండా పైనుంచి అర్థం చెప్పడం తప్పని ఆయనే రాశాడు. నిన్ను ఎవరైనా అడిగారా? అడిగి ఉండరు. కాఫీ చల్లారిపోతుంది కదా.

నేను అడుగుతున్నాను. అది ఏ తొట్టి? మీ ఇంట్లో చైనా పింగాణీ తొట్టి కదా, సింహం పాదాలున్నది. కలలో కూడా అదేనా? కళ్ళు మూసుకుని చూసి రాయి.

ధైర్యంగా ఉండు. భోజనం మానకు. మానితే దానికీ ఏదో అర్థం చెబుతారు.

అమ్మమ్మ


వియన్నా, నవంబరు చివర

అమ్మమ్మా,

ఈ ఉత్తరం బట్టలుతికే రోజా చేత పంపిస్తున్నాను. నువ్వు రాసేవి ఇప్పుడు ఎగాన్ విప్పి చదివి ఇస్తున్నారు, నేను రాసేవి చదివి పోస్టు చేస్తున్నారు. కోపంతో కాదు. ఎంతో ప్రేమగా. అదే భయమేస్తోంది. తిడితే నేనూ తిట్టేదాన్ని.

ఇంట్లో నేను చేసేదానికంతా అర్థముంది. చెంచా జారితే అర్థం. వాడి టోపీ పెట్టడం మర్చిపోతే అర్థం. నిన్న ముద్దొచ్చి "నా చేపపిల్లా" అన్నాను. ఎగాన్, అత్తగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుట్టుపెట్టెలో కత్తెర లేదు. అడిగితే పదును పెట్టడానికి ఇచ్చామన్నారు. నర్సు ఫెర్డిని నా చేతికిస్తుంది కానీ తన చేతులు తియ్యదు. ఇద్దరం వాణ్ణి పట్టుకుని నిలబడతాం.

"నేనేం చేశాను?" అని అడిగాను ఆయన్ని. "నువ్వేమీ చెయ్యలేదు హెర్మా. నీకు తెలిసిన హెర్మా ఏమీ చెయ్యదు" అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను అమ్మమ్మా. నాకు తెలియని హెర్మా ఒకతె ఉందని ఆయనకి గట్టి నమ్మకం. నేను లేదని ప్రమాణం చేద్దామంటే, తెలియనిదాని గురించి ఎలా ప్రమాణం చెయ్యను? కాదన్నకొద్దీ ఉన్నట్టేనట. ఏడిస్తే ఉన్నట్టు, ఏడవకపోతే మరీ ఉన్నట్టు.

నిజమైతే? నువ్వు చదివావు కదా, చెప్పు. నిజమైతే? నిలబడి చూసిందెవరు? నేనే కదా. నిద్రంటే భయమేస్తోంది. వాణ్ణి ఎత్తుకున్నప్పుడు నేను కూడా గట్టిగా పట్టుకోవడం లేదు. నర్సు చేతులు తియ్యకపోవడమే మంచిదనిపిస్తోంది. నా చేతులు నావి కావనిపిస్తోంది.

తొట్టి సంగతి అడిగావు. పింగాణీ తొట్టి కాదు. కళ్ళు మూసుకోగానే కనిపించింది. మన వంటింట్లో రేకు తొట్టి. పక్కన సొట్ట ఉన్నది. క్రిస్మస్‌కి కొన్న చేపని ఉంచేది. నా ఆరో ఏట పావ్లా దాన్ని కొట్టడానికి సుత్తి ఎత్తితే నేను ఏడ్చి తొట్టిలో కూర్చున్నాను కదా, సుత్తి రేకుకి తగిలి సొట్టపడింది. అప్పటినుంచి మనం ఏటా చేపని కొనడం, తొట్టిలో ఉంచడం, పండగనాడు బకెట్లో తీసుకెళ్ళి ఏట్లో వదిలెయ్యడం. ఊరంతా మనని చూసి నవ్వడం. మన పండగ విందు బార్లీ, పుట్టగొడుగులే. ఎగాన్‌కి ఇది ఎప్పుడూ చెప్పలేదు, పల్లెటూరి పిచ్చి అనుకుంటారని. ఇప్పుడు చెబితే ఇంకేం అర్థం తీస్తారో.

శానిటోరియం అనే మాట తలుపు అవతల వినిపించింది. "చలికాలం అయ్యేదాకా", "బిడ్డ నా దగ్గరే ఉంటాడు" అన్నవి అత్తగారి గొంతుతో. దీనికి జవాబు రాయకు.

హె.


వియన్నా, డిసెంబరు

పూజ్యులైన ఒటీలియా అమ్మమ్మగారికి,

మీ ఆరోగ్యం బాగున్నదని తలుస్తాను. మీకు బాధ కలిగించే విషయమే అయినా దాచడం ధర్మం కాదు గనుక రాస్తున్నాను.

హెర్మా ఆరోగ్యం గురించి నాకు కొంతకాలంగా ఆందోళనగా ఉన్నది. ఆమె శరీరం బాగానే ఉన్నది. మనం ఇంతవరకూ పట్టించుకోని ఆ లోపలి భాగంలో, ఆమెకే తెలియని చోట, బిడ్డపట్ల ఒక విరోధం ఉన్నది. ఇది నా ఊహ కాదు. కలలు, మరపులు, జారిన మాటలు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. నోరు గాని కలం గాని ఊరికే జారదని శాస్త్రం ఈనాడు నిస్సందేహంగా చెబుతున్నది. పొరపాటు అనుకునేదే మనిషి అసలు ఒప్పుకోలు.

కనుక కొత్త సంవత్సరం రాగానే ఆమెను కొండల దగ్గర ఒక నరాల శానిటోరియంలో చేర్చుతున్నాము. వైద్యుడి సంతకం, భర్త సంతకం చాలును. రెండూ సిద్ధమయ్యాయి. ఎన్నాళ్ళన్నది అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు. ఫెర్డి మా అమ్మ దగ్గర ఉంటాడు. ఆమె ఎంతో త్యాగంతో ఒప్పుకున్నది. ఇందులో కక్ష లేదు, కోపం లేదు. మా అమ్మకు భర్తగానూ, ఫెర్డికి తండ్రిగానూ నా బాధ్యత నాకు తెలుసు.

మీరు ఈ చలిలో ప్రయాణం పెట్టుకోవద్దని మనవి. మీ రాక ఆమెను కలవరపెట్టగలదు. హెర్మా స్వయంగా రాసిన పత్రం ఇందులో జతపరుస్తున్నాను. ఆమె ఎంత ప్రశాంతంగా ఉన్నదో మీరే చూస్తారు.

విధేయుడు,
ఎగాన్


(అదే కవరులో)

ప్రియమైన అమ్మమ్మగారికి,

నేను క్షేమం. మీరు బెంగపెట్టుకోవద్దు. నాకు విశ్రాంతి అవసరమని అందరూ చెబుతున్నారు, నాకూ అలాగే తోస్తున్నది. ఎగాన్ చాలా దయగా చూసుకుంటున్నారు. నేను వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను.

పండగ దగ్గరపడుతుంటే మీ చేతి వంట గుర్తొస్తున్నది. ఏటా పండగనాడు మీరు ఆ చేపను ఎంత రుచిగా వండేవారు! తలకాయ నాకే పెట్టేవారు. ముల్లు కూడా మిగలకుండా తినేవాళ్ళం. ఈ ఏడు కూడా అలాగే చెయ్యండి, నన్ను తలచుకుని.

మీ మనవరాలు,
హెర్మా


బ్ర్నో, డిసెంబరు

ఎగాన్ గారికి,

మీ ఉత్తరం చేరింది. దస్తూరీ బాగుంది, పేరాలు బాగా విడదీశారు, కామాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. నా బడిలో అయితే మంచి మార్కులే వేసేదాన్ని, ఒక్క వాక్యం లేకపోతే.

మూడో పేరా చివర చూడండి. నకలు ఉంచుకోలేదేమో, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. "మా అమ్మకు భర్తగానూ, ఫెర్డికి తండ్రిగానూ నా బాధ్యత నాకు తెలుసు."

మీరు రాయదలచుకున్నది "హెర్మాకు భర్తగానూ" అని నాకు తెలుసు. ఆ పై వాక్యాల్లో అమ్మగారి ప్రస్తావన ఉంది, రాసే చెయ్యి ఆ మాటనే ఇంకోసారి రాసేసింది. ఇలాంటివి నేను వేలకొద్దీ దిద్దాను. ఒక పిల్ల "మా నాన్న గడ్డం మేసింది" అని రాసింది, పక్క వాక్యంలో మేక ఉండటం వల్ల. దానికి తండ్రిమీద విరోధమేమీ లేదు, ఆకలిగా ఉంది. ఎర్రసిరాతో ఒక గీత గీసి ముందుకు పోయేదాన్ని.

కానీ మీరు నన్ను అలా గీత గీసి పోనివ్వడం లేదు. "నోరు గాని కలం గాని ఊరికే జారదు" అని మీరే రాశారు, ఆ జారిన చోటుకి కాస్త పైనే. "పొరపాటు అనుకునేదే మనిషి అసలు ఒప్పుకోలు" అనీ రాశారు. నేను మీ నాయకుడి పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. జారుళ్ళమీద ఆయనే రాసిన చిన్న పుస్తకం కూడా తెప్పించుకున్నాను. తల్లీకొడుకుల గురించి ఆయన ఏమంటాడో నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఏమీ అనను. ముసలిదాన్ని, నాకు సిగ్గు.

ఇప్పుడు మీ ఎదుట రెండు దారులున్నాయి. ఒకటి, మీ శాస్త్రం అందరికీ ఒకటే. అప్పుడు హెర్మాకి కొండల దగ్గర గది కుదిర్చినప్పుడు, పక్క గది మీకూ కుదర్చాలి. మీ అమ్మగారి ఆదివారం కాఫీ ఆట ఇంకా సాగుతున్నదని విన్నాను. నేను వియన్నా రైలు ఎక్కి చాలాకాలమైంది, చలి అంటే నాకు లెక్కలేదు. నా వంతు వచ్చినప్పుడు కల చెప్పను, మీ ఉత్తరం చదువుతాను. కౌన్సిలరుగారి భార్య కప్పు కింద పెడుతుంది. మీరు కళ్ళజోడు తుడుచుకుంటారు. కాదని మీరు ఎంత గట్టిగా అంటే అంత నిజమని అక్కడివాళ్ళకి మీరే నేర్పారు.

రెండోది, ఆ వాక్యం ఉత్త పొరపాటు. మీరు అలిసిపోయి ఉన్నారు, కలం జారింది. అలాగే నా మనవరాలు అలిసిపోయి ఉంది, కల వచ్చింది. పాలిచ్చే తల్లికి కలలు రాక ఏమొస్తాయి? కల చెప్పిన మనిషిని ఒక్క ప్రశ్న అడగాలని ఆ పుస్తకంలోనే ఉంది. మీరు అడిగారా? ఏం అడగాలో నేను చెప్పను. అడగవలసింది నన్ను కాదు.

మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. భయపడ్డారు. కొత్తగా దీపం దొరికిన మనిషి నేలమాళిగలోకి దిగితే మొదట తన నీడే పెద్దదై కనిపిస్తుంది. ఆ నీడకి భార్య పేరు పెట్టకండి.

పండగకి ముందే హెర్మాను, ఫెర్డిని నా దగ్గరికి పంపండి. ఈస్టరుదాకా ఉంటారు. నర్సు అక్కర్లేదు. ఆ రెండు సంతకాల కాగితం చించి, ముక్కలు ఆమె పెట్టెలో పెట్టి పంపండి. ముక్కలు నేను అతికించి చూసుకుంటాను, ఓపిక ఉంది. అవి అందిననాడు మీ ఉత్తరం మీకు తిరిగి వస్తుంది, ఎర్రసిరాతో దిద్ది.

ఒటీలియా


వియన్నా, డిసెంబరు

(టైపు చేసినది)

అమ్మమ్మగారికి,

హెర్మా, ఫెర్డి గురువారం ఉదయం బండికి బయలుదేరుతారు. మీరు కోరినవి పెట్టెలో ఉంటాయి. ఈ ఉత్తరం గుమాస్తా చేత టైపు చేయించి, రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఎగాన్


బ్ర్నో, డిసెంబరు

తల్లీ,

ఇది రోజా చేతికి అందేలా పంపిస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

నీ పత్రం మొదటి ముక్క చూడగానే లేచి నిలబడ్డాను. పుట్టాక నువ్వు నన్ను "మీరు" అన్నది లేదు, బడిలో అందరి ముందూ కూడా అనలేదు, దానికి నీకు శిక్ష కూడా వేశాను. చేపను తిన్నామన్న దగ్గరికి వచ్చేసరికి పావ్లాని కేకేశాను. అది విని, "ముల్లు కూడా మిగలకుండానా? అయ్యో తల్లి, తొట్టిలోంచి తీసి వదిలెయ్యమంటోందమ్మగారూ" అంది. అంత చదువుకున్నవాళ్ళు ఆ పత్రాన్ని దీపం కింద పెట్టి ఎన్ని అర్థాలు వెతికారో. పైన కనిపించే అబద్ధం మాత్రం ఎవరికీ కనపడలేదు.

ఎగాన్‌కి రాసిన ఉత్తరంలో నేను చాలా ధైర్యంగా కనిపిస్తాను. నమ్మకు. దాన్ని పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలే ఉండిపోయింది, వెనక్కి తీసుకుందామా అని. ఆయన మంకుపట్టు పట్టి ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. రెండు సంతకాలు ఉన్నాయి, చట్టం ఉంది, నా దగ్గర ఒక తప్పు వాక్యం ఉంది. జవాబు వచ్చేదాకా నేను అన్నం తిన్నానని పావ్లా చెబితే అది అబద్ధం. ఇంకో సంగతి, ఆయన్ని బెదిరించడానికి నేను వాడింది ఆయన ఆయుధమే. అది నా చేతిలో చక్కగా అమరింది. అందుకూ భయమేసింది. రేపు ఈ ఊళ్ళో ఎవరి మాట జారినా నా చెవి నిక్కుతుంది, నాకు తెలుసు. మందుల షాపాయన భార్య మొన్న "మా ఆయన ఆయుష్షు" అనబోయి ఇంకేదో అంది. నేను విననట్టు ఊరుకోవడానికి చాలా కష్టపడ్డాను.

నువ్వు అడిగిందానికి ఇంకా జవాబు చెప్పలేదు. "నిజమైతే?" అన్నావు. ఉత్తుత్తిదని రాసి నిన్ను ఊరుకోబెట్టవచ్చు. ఫాదర్‌గారిలా బల్ల గుద్దవచ్చు. కానీ నేను ఆ పుస్తకం చదివాను, అది తెలివితక్కువ పుస్తకం కాదు. మనిషి కింద ఇంకో అంతస్తు ఉందనే నాకూ అనిపించింది. అక్కడ ఏముంటుందో ఎవరికీ పూర్తిగా తెలియదు, నీకూ నాకూ ఎగాన్‌కీ. పొద్దస్తమానం ఏడ్చే బిడ్డని చూసి, వీడు లేకపోతే ఒక్క పూట నిద్రపోదును కదా అని ఏ తల్లి కింది గదిలోనూ మెదలలేదంటే నేను నమ్మను. మెదిలినా తల్లులు పైకి వచ్చి వాణ్ణే ఎత్తుకుంటారు. చేతులున్నది పైనున్న నీకే. నీకు తెలియని హెర్మాకి చేతుల్లేవు.

ఇక నీ కలకి అర్థం నేను చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. నువ్వు ఆ తొట్టి దగ్గర నిలబడి చూసింది నిజమే. ఆరేళ్ళప్పుడు పొద్దున్నుంచీ చూశావు, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ. ఆ చేప చచ్చిపోతుంటే చూద్దామని కాదు నువ్వు చూసింది. తరవాత ఏం చేశావో మాకందరికీ తెలుసు. తొట్టికి సొట్ట ఇంకా ఉంది.

ఈస్టరు తరవాత ఏమవుతుందో నాకు తెలియదు. ఎగాన్‌కి బుద్ధి రావచ్చు, మీ అత్తగారికి రాకపోవచ్చు. ఆ పుస్తకం మాత్రం ఎక్కడికీ పోదు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరి చేతిలో పడుతూనే ఉంటుంది. అందుకే పెట్టెలో ఉన్న ఆ సంతకాల కాగితం ముక్కలు నువ్వు మోసుకురావడం మరిచిపోకు. మరిచిపోతే నేను దానికి అర్థమేమీ చెప్పను, తిరుగు బండిలో నిన్నే పంపుతాను.

వచ్చిన సాయంత్రం ఫెర్డికి స్నానం నువ్వే చేయిస్తావు, సొట్ట తొట్టిలోనే. నేను అదే గదిలో వీపు నీ వైపు పెట్టి అల్లుకుంటూ ఉంటాను. తిరిగి చూడను. నువ్వు పిలిస్తే తప్ప.

ఇప్పుడు నీకో చిన్న పని. పావ్లా స్టేషనుకి బకెట్టు పట్టుకుని వస్తుంది. బిడ్డని దానికి ఇవ్వకు, అడిగినా ఇవ్వకు. బిడ్డని నువ్వు మొయ్యి, బకెట్టు అది మోస్తుంది. దారిలో కాబేజీ సంత దగ్గర చేపల తొట్లు పెట్టి ఉంటారు. నీలం తలగుడ్డ కట్టుకున్నామె దగ్గరికి వెళ్ళు, పక్కవాడి దగ్గర అన్నీ పక్కకి ఒరిగినవే. నువ్వే ఎంచు. పెద్దది వద్దు, ఏటిదాకా మోసేది మనమే. ఆమె సుత్తి తియ్యకముందే కొట్టవద్దని చెప్పు, మనని చూస్తే నవ్వుతుంది, నవ్వనీ. బకెట్టు నిండా నీళ్ళు పోయించు, మూత పెట్టనివ్వకు. ఫెర్డిని కాస్త కిందికి వంచి చూపించు. అది నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది, చప్పుడు ఉండదు. కంగారుపడకు. నీళ్ళలో అది ఊపిరి తీసుకునేది అలాగే.

అమ్మమ్మ